కట్ట దిగువన ఎవరూ లేరు

కొత్తగా ఇరిగేషన్‌లో చేరిన ఇంజనీర్లు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు ఖమ్మంలో మా ఇంటికి వస్తుంటారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక నేను బయట తిరగడం తగ్గించాను కాబట్టి వాళ్ళొస్తే నాకు పండగే. "మేడం, మీ సర్వీసులో పెద్ద ప్రాజెక్టు ఏది?" అని అడుగుతారు. పెద్దది ఒక్కటీ లేదు, నావన్నీ చిన్నవే అంటాను. వాళ్ళ ముఖాల్లో ఉత్సాహం కాస్త తగ్గుతుంది. ఇంకో కప్పు టీ పోసి మాట మారుస్తాను.

మాట మార్చకుండా ఉంటే వాళ్ళకు చెప్పాల్సిన సంగతి ఇది.

రెండు వేల దశకం మధ్యలో నన్ను భద్రాచలం అడవి అంచున ఒక సెక్షన్‌కు వేశారు. అసిస్టెంట్ ఇంజనీర్ని. మా నాన్న కొత్తగూడెంలో బొగ్గు గని కార్మికుడు. చుట్టూ అడవి ఉన్న ఊళ్ళో పుట్టిపెరిగాను కాబట్టి అడవి నాకు తెలుసనుకున్నాను. నాకు తెలిసింది బస్సు కిటికీలోంచి కనబడే అడవి మాత్రమేనని అక్కడికి వెళ్ళాక అర్థమైంది.

నా కింద ఉన్న వాటిలో ఒక చిన్న మట్టికట్ట ఉండేది. రెండు గుట్టల మధ్య వాగుకు అడ్డంగా పోసింది. ఈ చివర నిలబడి గట్టిగా పిలిస్తే ఆ చివరి మనిషి పలికేంత పొడవు. నీళ్ళవైపు పేర్చిన రాళ్ళు సగం జారిపోయాయి. తూము తలుపు తిప్పాలంటే ఇద్దరు వేలాడాలి. తూములోంచి వచ్చే కాలువ పక్కకు తిరిగి ఒక కోయ ఊరి పొలాలకు పోయేది. వాగు మాత్రం అలుగు దాటి, కట్టకు నేరుగా కిందనున్న అడవిలోకి పోయేది.

ఆ కట్టకు ఒక లస్కరు ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, కట్టను కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. ఆ కోయ ఊరివాడే. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో నములుతూ కనిపించేవాడు. నేను తాతా అనేదాన్ని. కట్ట మీదికి రాగానే చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాడు. ఇదేదో భక్తి అనుకుని మొదట్లో నేనూ విడిచాను. ముళ్ళు గుచ్చుకుని కుంటుతుంటే నవ్వాడు.

"మీరెందుకమ్మా విడిచిన్రు?"

"నువ్వెందుకు విడిచినవ్ తాతా?"

"కట్ట యాడ తడిగుందో కాలికి తెలుస్తది. గంతే."

నా చదువులో ఆ పరీక్ష లేదు. తర్వాత నేనూ నేర్చుకున్నాను. ఇప్పటికీ వర్షాకాలంలో మా వాకిట్లో ఉత్తికాళ్ళతో నడిచినప్పుడు ఆయన గుర్తొస్తాడు.

ఆ ఏడాది పై ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. ప్రతి చిన్న కట్టకూ ప్రమాద వర్గం నిర్ణయించి పంపాలి. తక్కువ, మధ్య, ఎక్కువ. నేను కట్టల గట్టితనం గురించి రాయబోతుంటే నా పై అధికారి డీఈ సారు ఆపాడు. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"కట్ట గట్టిదా, కాదా అని అడగట్లేదమ్మా వాళ్ళు. తెగితే కింద ఎవరికి నష్టం అని అడుగుతున్నారు. కట్ట ఇనుములాంటిదైనా సరే, కింద ఇళ్ళుంటే ఎక్కువ ప్రమాదమే. కట్ట జల్లెడలా ఉన్నా కింద ఎవరూ లేకపోతే తక్కువే."

ఈ తేడా మీకు తెలుసు. నాకు ఆ రోజే తెలిసింది. వర్గాన్ని బట్టి మరమ్మతుల వరస ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. ఎక్కువ ప్రమాదం ఉన్నవి ముందు. తక్కువ ఉన్నవాటి వంతు ఎప్పుడో దేవుడికి తెలియాలి.

నేను ఆఫీసులో కూర్చుని పాత మ్యాపు పరిచాను. కట్ట కింద అంతా పచ్చరంగు. 'కట్ట దిగువన నివాసాలు' అన్న గడిలో 'ఎవరూ లేరు' అని రాశాను. తక్కువ ప్రమాదం. ఫ్యాను కింద కూర్చుని, చాయ్ చల్లారేలోపు ముగించిన పని అది.

వారం తిరక్కుండా కట్ట మీద నడుస్తూ ఆ సంగతి లస్కరు తాతకు చెప్పాను. ఆయన నమలడం ఆపాడు.

"ఎవరు లేరని రాసిన్రా?"

"అవ్. ఎవరున్నరు?"

ఆయన కట్ట దిగి వాగు వెంట నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. అరగంట నడిచాక చెట్ల మధ్య గుడిసెలు కనిపించాయి. మట్టి అలికిన తడికలు, ఆకుల కప్పులు, చుట్టూ కర్రల దడి. ఒకచోట చిన్న మొక్కజొన్న చేను. మమ్మల్ని చూడగానే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ మాయమయ్యారు. తాత తన భాషలో పిలిస్తే ఒక్కొక్కరే బయటికొచ్చారు.

రాష్ట్ర సరిహద్దు అవతల ఊళ్ళలో గొడవలు ఎక్కువై, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇటు వచ్చిన వాళ్ళు. వాళ్ళ మాట తాత మాటకు దగ్గరే. ఏ ఊరి లెక్కలోనూ లేరు. రేషను కార్డు లేదు, ఓటు లేదు. నీళ్ళు దగ్గరున్నాయని వాగు ఒడ్డున ఆగారు. ఆ నీళ్ళకు పైన కట్ట ఉందన్న సంగతి వాళ్ళలో సగం మందికి తెలియదు.

వాళ్ళలో ఒకామెకు తెలుగు వచ్చు. మిరపకాయలు ఏరడానికి ఏటా మన వైపు వచ్చి నేర్చుకుంది. నా వయసే ఉంటుంది. భర్త లేడు, ఎలా పోయాడో నేను అడగలేదు. ఇద్దరు ఆడపిల్లలు, చూపు తగ్గిన తండ్రి. నాకు ఆనపకాయ బుర్రలో నీళ్ళిచ్చి, నా బూట్లు చూసి, "ఎద్దుకు నాడాలేసినట్టున్నయ్" అంది. తాత పగలబడి నవ్వాడు. ఆమెతో నా పరిచయం అలా మొదలైంది.

నేను సంచిలోంచి పుస్తకం తీసి గుడిసెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా పక్కనే నడుస్తున్న ఆమె ఆగింది.

"ఏం రాస్తున్నవ్?"

"ఇండ్లు ఎన్నున్నయో, మనుషులు ఎందరున్నరో."

"ఎందుకు?"

"పైన కట్ట ఉంది గదా. తెగితే మిమ్మల్ని కాపాడాలె. ఎంతమంది ఉన్నరో తెలిస్తేనే కదా కాపాడేది."

ఆమె నా పుస్తకం వైపు చూసింది. తర్వాత చాలా మామూలుగా చెప్పింది. "మా ఊళ్ళె గూడ గిట్లనే రాసుకున్నరు. రాసినంక ఊరు లేదు."

నేను పుస్తకం మూసేశాను.

లెక్కపెట్టడమంటే నాకు చిన్నప్పటి నుంచీ మంచి పనే. మా నాన్న గనిలోకి దిగే ముందు ఒక బిళ్ళ తీసుకునేవాడు, పైకొచ్చాక తిరిగిచ్చేవాడు. షిఫ్టు అయిపోయాక ఎన్ని బిళ్ళలు వచ్చాయో చూసేవారు. ఒక్కటి తక్కువైనా లోపల మనిషి ఉన్నట్టే, వెతకాల్సిందే. మా అమ్మ ఆ లెక్క మీద నమ్మకంతోనే సాయంత్రాలు పొయ్యి ముందు నిబ్బరంగా కూర్చునేది. అదే లెక్క ఇంకో ఆడమనిషికి భయం కావచ్చన్నది నా బుర్రకు ఎప్పుడూ తట్టలేదు.

పుస్తకమైతే మూశాను కానీ లెక్క తలలోంచి పోలేదు. తర్వాత వెళ్ళినప్పుడల్లా కళ్ళతోనే సరిచూసుకునేదాన్ని. తొంభై ఏడు మంది.

డీఈ సారు దగ్గరికి వెళ్ళి ఫారం మార్చాలన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాస్తే వాళ్ళు ఉన్నట్టు. ఉన్నట్టయితే, ఎందుకున్నారని ఇంకెవరో అడుగుతారు. అడివిలో ఉండడానికి వాళ్ళకి కాగితం లేదు. రాయకపోతే కట్టకి మరమ్మతు లేదు. ఏది మంచిదో నాకూ తెలీదమ్మా. ఆలోచించుకో."

నేను ఆలోచించుకున్నాను. ఎంత ఆలోచించానంటే ఎండాకాలం మొత్తం అయిపోయింది. కొత్త ఫారం నా సొరుగులో ఖాళీగా పడి ఉంది. వాళ్ళకు కీడు జరుగుతుందేమోనన్న భయం ఒక కారణం. ముందు తప్పు రాశానని ఒప్పుకోవాల్సి వస్తుందన్నది ఇంకో కారణం. మొదటిదే అసలు కారణమని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. రెండోది కూడా దానికి తక్కువేం కాదు.

ఆ ఎండల్లో నేను ఆ గూడేనికి చాలాసార్లు వెళ్ళాను. పని పేరు చెప్పుకునే వెళ్ళేదాన్ని. ఆమె ఉడకబెట్టిన గడ్డలు పెట్టేది. ఆమె చిన్న కూతురు నా జడ విప్పి మళ్ళీ అల్లేది. వాళ్ళ ఊరెలా ఉండేదో ఒకసారి అడిగాను. చెట్లు ఎక్కడెక్కడ ఉండేవో వేళ్ళతో మట్టి మీద చూపించింది. ఇళ్ళు చూపించలేదు.

వర్షాలు ఆలస్యంగా మొదలై ఒక్కసారే మీద పడ్డాయి. మూడు రోజులు ఎడతెరపి లేదు. నాలుగో రోజు పొద్దున్నే నేనుండే ఊళ్ళో బస్సు ఆపి, కండక్టర్ మా గుమ్మం దాకా వచ్చాడు.

"మేడం, మీ లస్కరు చెప్పమన్నడు. నీళ్ళు ఎర్రగైనయంట. గంతే చెప్పమన్నడు."

నాకు అంతే చాలు. ఏ మట్టికట్టకైనా పాదం దగ్గర కాస్త నీరు ఊరుతుంది. తేటగా ఊరినంత కాలం భయం లేదు. ఎర్రబడిందంటే కట్ట లోపలి మట్టి ఆ నీళ్ళతో కొట్టుకొస్తున్నట్టు. ఎక్కడో బుంగ పడింది. బుంగ పెద్దదైతే గండి.

డీఈ సారుకు ఫోన్ చేసి జీపు, ఖాళీ బస్తాలు పంపమని చెప్పి, వెంటనే అటు పోయే బస్సెక్కాను. నేను చేరేసరికి తాత కట్ట పాదం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు చిన్న ఊట ఒకటి అన్నం కుండలా ఉడుకుతోంది. చుట్టూ సన్నమట్టి కుప్పగా చేరింది. ఊరి మనుషులు పదిమంది వచ్చి తూము తలుపుకు వేలాడుతున్నారు. తలుపు సగం లేచి ఆగింది.

"ముందు కిందోళ్ళు తాతా" అన్నాను.

"పదండి."

వాన దంచుతుండగా వాగు వెంట పరుగెత్తాం. నేను రెండుసార్లు పడ్డాను. గూడెంలో అందరూ గుడిసెల్లోనే ఉన్నారు. తాత తన భాషలో అరిచాడు. ఎవరూ కదల్లేదు. లేపి పంపడానికి వచ్చామనుకున్నారు. తెలుగు తెలిసిన ఆమె గుమ్మంలో నిలబడి నా ముఖంలోకి చూసింది.

"ఖాళీ చెయ్యమంటున్నవా?"

"ఈ ఒక్క రోజే. గుట్ట మీదికి పోదాం. కట్ట నిలబడితే మళ్ళా మీ ఇండ్లకు మీరొస్తరు. నేను మీతోనే ఉంట."

ఆఖరి మాట అనాలని అనుకోలేదు, వచ్చేసింది. ఆమె వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పింది. ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. పది నిమిషాల్లో గూడెం మొత్తం కదిలింది. కోళ్ళు, కుండలు, గింజల మూటలు, చంటిపిల్లలు. అందరూ గుట్టెక్కారు.

పైకి చేరాక లెక్కపెట్టాను. తొంభై ఆరు. మళ్ళీ పెట్టాను. తొంభై ఆరే.

"ఒకరు తక్కువున్నరు" అన్నాను.

ఆమె చుట్టూ చూసి, ఒక్క కేక పెట్టింది. తండ్రి లేడు. ఆయన్ను పెద్దకూతురు తెస్తోందని ఆమె అనుకుంది, అమ్మ తెస్తోందని పెద్దకూతురు అనుకుంది. ఇద్దరు మగవాళ్ళు, తాత కిందికి పరుగెత్తారు. ముసలాయన తన గుడిసెలో నులకమంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడట, ఇంకెక్కడికీ రానని. మంచంతో సహా ఎత్తుకొచ్చారు. దారిపొడుగునా వాళ్ళను తిడుతూనే వచ్చాడు. ఆ తిట్లు వింటూ ఆమె ఏడుస్తూ నవ్వింది. అప్పటికి తొంభై ఏడు.

నేను వాళ్ళతో ఉంటానన్న మాట అక్కడితో తప్పాల్సి వచ్చింది. కట్ట దగ్గర మనుషులు చాలరు. "నేను కట్ట కాడికి పోవాలె" అన్నాను ఆమెతో. ఆమె వాళ్ళ మగవాళ్ళ వైపు చూసింది. ఏమీ అడక్కుండానే పాతికమంది నాతో బయల్దేరారు. ఆడవాళ్ళు కూడా గంపలు తీసుకుని వచ్చారు, ఆమెతో సహా.

జీపు బస్తాలతో వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా ఆ గంపలే ఆధారం. ఊటను మూసేయాలని ఊరివాళ్ళు బంకమట్టి కుమ్మరించబోతే ఆపాను. మూస్తే నీళ్ళు ఇంకోచోట పొడుచుకొస్తాయి. నీళ్ళను పోనివ్వాలి, మట్టిని ఆపాలి. ముందు వాగు ఇసుక, దాని మీద గులకరాళ్ళు, దాని మీద పెద్దరాళ్ళు. ఊరివాళ్ళు, గూడెం వాళ్ళు వరసగా నిలబడి గంపలు అందించుకున్నారు. అన్నాళ్ళూ ఒకరి మీద ఒకరికి అనుమానం ఉండేది, అడవి మాదంటే మాదని. ఆ పూట ఎవరి గంప ఎవరి చేతిలో ఉందో ఎవరూ చూడలేదు. తూము తలుపు ఇంకో ఎనిమిదిమంది వేలాడితే పూర్తిగా లేచింది.

పొద్దు వాలేముందు తాత దోసిలితో ఆ నీళ్ళు పట్టి నాకు చూపించాడు. తేటగా ఉన్నాయి. నేను బురదలోనే కూర్చుండిపోయాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని నా బూట్ల వైపు చూసింది. ఒకటే ఉంది, రెండోది వాగులో పోయింది. ఇద్దరం నవ్వి నవ్వి అలసిపోయాం. నా ఉద్యోగంలో నాకు దక్కిన సన్మానం అదే.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే సొరుగులోంచి ఫారం తీశాను. ఇరవై ఆరు గుడిసెలు, తొంభై ఏడు మంది. ఎక్కువ ప్రమాదం. కట్టను కాపాడింది ఎవరో కూడా ఒక పేజీ రాసి జత చేశాను. డీఈ సారు అంతా చదివి, మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

పిల్లలూ, నేను ఆ రోజు చెయ్యని పని ఒకటుంది. వాళ్ళను అడగలేదు. వాళ్ళకు మేలు చేస్తున్నానన్న సంబరంలో ఉన్నాను. ఒక్కసారి వెళ్ళి, 'మీ గురించి రాయనా?' అని అడిగి ఉండాల్సింది. ఆమె ఏం చెప్పేదో నాకు తెలుసు కాబట్టే అడగలేదేమో.

మరమ్మతు మంజూరైందని క్రిస్మస్‌కు ముందు కబురొచ్చింది. పండక్కి కొత్తగూడెం వెళ్ళి, అమ్మ చేసిన అరిసెలు స్టీలు డబ్బా నిండా తీసుకుని తిరిగొచ్చాను. నేరుగా కట్ట దగ్గరికి వెళ్ళాను. తాత నా చేతిలో డబ్బా చూసి లేచి నిలబడ్డాడు.

"పోయిన్రమ్మా" అన్నాడు.

"మిరపకాయలకా?"

"కాదు. పోయిన్రు. పది దినాలైంది."

నేను నమ్మలేదు. ఆయన వద్దంటున్నా గూడెం దాకా నడిచాను. దడులు అలాగే ఉన్నాయి. గుడిసెల్లో ఏమీ లేదు. ప్రతి గుమ్మం ముందూ శుభ్రంగా ఊడ్చి ఉంది. ముసలాయన మంచం కూడా లేదు.

"రాసిందా అని అడిగిన్రు" అన్నాడు తాత నా వెనక నుంచి. "ఆమెనే అడిగింది. అబద్ధం ఎట్ల చెప్తనమ్మా. రాసిన్రు, మీ మంచికే రాసిన్రు అని చెప్పిన."

"ఏమన్నది?"

"మీ మీద కోపం లేదన్నది. రాసినంక ఉండలేమన్నది."

వాళ్ళను ఎవరూ తరమలేదు. ఏ శాఖ వాళ్ళూ రాలేదు, ఏ నోటీసూ పోలేదు. నా కాగితం మా శాఖ ఫైళ్ళు దాటి బయటికే పోలేదు. వాళ్ళను లేపింది ఆ కాగితం ఉందన్న మాట ఒక్కటే. ఏ వైపు వెళ్ళారో తాతకూ చెప్పలేదు. చెప్పలేదనే ఆయన అన్నాడు, నేను గుచ్చి అడగలేదు. అరిసెలు ఇద్దరం కట్ట మీద కూర్చుని తిన్నాం.

వేసవిలో మరమ్మతు జరిగింది. కొత్త రాళ్ళు, కొత్త తూము, పాదం వెంట నీళ్ళు తేటగా పోయే ఏర్పాటు. కట్ట ముద్దొచ్చేలా తయారైంది. పని చూడ్డానికి వచ్చిన డీఈ సారు కింది అడవి వైపు చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు కింద ఎవరూ లేరు కదమ్మా. రూలు ప్రకారం వర్గం మార్చాలి."

"మళ్ళొస్తరేమో సార్."

ఆయన నా వైపు ఒకసారి చూసి జీపెక్కాడు. ఆ ఫారం నన్ను మళ్ళీ అడగలేదు. ఆయన దాన్ని ఎన్నాళ్ళు ఎలా దాటేశాడో నాకు తెలియదు. రెండేళ్ళకు నాకు బదిలీ అయింది. లస్కరు తాత రిటైరై, ఆ తర్వాత కొద్దికాలానికే పోయాడని విన్నాను.

బోనకల్ వైపు పనిచేసినప్పుడు మిరప చేలల్లో కూలీల వరసలు చూస్తే జీపు ఆపించేదాన్ని. తలకు గుడ్డ చుట్టుకుని వంగి ఉన్న ప్రతి మనిషీ ఆమెలాగే కనిపించేది. తల ఎత్తితే ఇంకెవరో. డ్రైవర్ మొదట్లో అడిగేవాడు, తర్వాత తనే ఆపేవాడు. ఆమె చిన్నకూతురికి ఇప్పుడు పిల్లలుండి ఉంటారు. వాళ్ళ జడలు అల్లుతూ ఉంటుంది. ఎక్కడో ఒక వాగు ఒడ్డున ఉంటారు. దాని పైన ఏ కట్ట ఉందో, దాన్ని ఎవరు చూస్తున్నారో.

మీకిప్పుడు ఆకాశం నుంచి తీసిన ఫోటోలున్నాయి. గుడిసెలు కూడా కనబడతాయంటున్నారు, సంతోషం. ఆ చిన్న కట్ట మీలో ఎవరి సెక్షన్‌లోకైనా వస్తే, కింద ఏమీ లేకుండా దానికి ఎక్కువ ప్రమాదమని ఏ పిచ్చిది రాసిందా అని మీరు ఆశ్చర్యపోతారు. మార్చండి, అది మీ పని. మార్చే ముందు మాత్రం ఒక్కసారి వాగు వెంట అరగంట నడవండి. అక్కడ ఎవరైనా ఉంటే ఏమీ రాయకండి, ముందు వాళ్ళతో మాట్లాడండి. వాళ్ళలో తెలుగు తెలిసినామె ఉండి, మీ బూట్లు చూసి నవ్వితే, నేను ఖమ్మంలోనే ఉన్నానని చెప్పండి.